బావ బండికి ఫిల్టరు

బావ పోయాక అక్క తమ్ముణ్ణి అడిగింది ఒక్కటే.

"వారానికోసారి వచ్చి ఆ బండి కాస్త స్టార్టు చేసి పోతుండరా. మూలపడితే పాడైపోతుంది."

తమ్ముడు మెకానిక్కు. ఊళ్ళో అందరూ అతన్ని 'చెవి' అంటారు. బానెట్ ఎత్తకముందే, స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి మొన ఇంజనుకు తగిలించి, ఎక్కడ ఏం అరిగిందో చెప్పేస్తాడు. కన్నతల్లి మూలిగినా ఏ కీలు దగ్గర నొప్పో చెప్పేవాడని వేళాకోళం చేసేవాళ్ళు. అంతటి చెవి గలవాడికీ అక్క మాట పైపైనే వినిపించింది. బండి పాడవకూడదంది కాబట్టి, అక్కకు కావలసింది బండి బాగుండటమే అనుకున్నాడు.

అక్కకు కావలసింది బండి కాదు. బండి చేసే మోత.

అది పాతకాలపు బండి. కప్పకళ్ళ లాంటి లైట్లు, గుండ్రటి వీపు, వెలిసిన లేతాకుపచ్చ రంగు. తయారుచేసిన కంపెనీ ఏనాడో తలుపులు మూసేసింది. పొద్దున్నే తాళం తిప్పితే, గుక్కెడు నీళ్ళు తాగినంతసేపు, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు కటకటకటమని మోగేది. ఆ తర్వాత తనకేమీ తెలియనట్టు మెత్తబడి గురగురలాడేది. సాయంత్రం వేడి మీద తిప్పితే ఆ మోత ఉండేది కాదు. రాత్రంతా నిలబడి ఉంటేనే. "అయ్యగారు గొంతు సవరించుకున్నారు, ఇక మనం లేవచ్చు," అనేవాడు ఎదురింటి టైలరు.

బావ తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారి. ఊళ్ళో ఉన్న తక్కెళ్ళన్నిటి తప్పూ పట్టిన మనిషి. సొంత బండిలో తప్పు మాత్రం ఆయన కంటికి ఆనేది కాదు. సెలవు రోజున తమ్ముడు బానెట్ ఎత్తినప్పుడల్లా ఇద్దరికీ అదే పోరు.

"బావా, ఈ ఆయిల్ ఫిల్టరు నీ బండిది కాదు. ఏ వ్యానుదో తెచ్చి తగిలించావు."

"మర పట్టిందా లేదా?"

"పట్టింది."

"నూనె కారుతోందా?"

"లేదు."

"మరి నీ బాధేంటి?"

"మర పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు బావా. నీ ఇంజనులో ఫిల్టరు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని లోపల రబ్బరు నాలుక ఒకటి ఉండాలి. అది లేకపోతే రాత్రికి రాత్రి నూనెంతా కిందికి జారిపోతుంది. పొద్దున్న నువ్వు తాళం తిప్పేసరికి బేరింగులు పొడి పొడిగా కొట్టుకుంటాయి. ఆ కటకటలు అవే. రోజుకింత అరిగిపోతున్నాయి."

బావ తాపీగా కళ్ళజోడు తుడుచుకునేవాడు. "మీ అక్కకు ఉప్పు ఎక్కువ కావాలి, నాకు తక్కువ కావాలి. తనకు కిటికీ తెరవాలి, నాకు మూయాలి. దేంట్లో కుదిరాంరా మేం? మర పట్టింది, బండి నడుస్తోంది. రోజుకింత మేమూ అరుగుతూనే ఉన్నాం."

వంటింట్లోంచి అక్క అందుకునేది. "అరిగేది నేనొక్కదాన్నే! ఆయనకేం, నూనెలోనే మునిగి ఉంటాడు."

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. పిల్లలు లేరు. ఆయన ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఆవిడ వంటింట్లో ఉండేది. కటకటలు మొదలవగానే చేతిలో పని దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చేది. "జాగ్రత్త," అనేది. మోత మధ్యలో ఆయనకు అది వినిపించేది కాదు. ఆవిడ పెదాలు కదలడం చూసి తల ఊపేవాడు. మోత ఆగేసరికి ఆ పని అయిపోయేది. మహా అయితే గుక్కెడు నీళ్ళు తాగినంతసేపు. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. పోట్లాడుకున్న రోజున కూడా తప్పలేదు.

ఒక్క రోజు తప్పింది.

ముందటి రాత్రి కుళాయి కట్టేయడం మరిచి ఆయన తొట్టెలో నీళ్ళన్నీ పోగొట్టాడు. పొద్దున లేచేసరికి చుక్క లేదు. అక్కకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు తను అంది, రెండు మాటలు ఆయన అన్నాడు. ఆయన బయటికి వెళ్ళి బండి ఎక్కాడు. కటకటలు మొదలయ్యాయి. 'ఈ పూటకు వెళ్ళను. సాయంత్రం దాకా ఉడకనీ,' అనుకుని ఆవిడ పొయ్యి ముందు అలాగే నిలబడింది. మోత ఆగింది. బండి వెళ్ళింది. మధ్యాహ్నం ఒక కొట్లో తక్కెడకు సీలు వేస్తూ వేస్తూ ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.

వెళ్ళే ముందు కిటికీ వంక చూశాడా, చూడలేదా? ఆ సంగతి చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆయనా లేడు.

అందుకే ఆదివారాలు. పొద్దున్నే తమ్ముడు వచ్చి, గేటు తీసి, బండిలో కూర్చుని తాళం తిప్పేవాడు. వారమంతా నిలబడిన బండి కాబట్టి మోత ఇంకాస్త ఎక్కువసేపు ఉండేది. వంటింట్లో అక్క పని దించి, చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గరికి వచ్చేది. పెదాలు కదిలేవి. తమ్ముడు అద్దంలోంచి చూసి చెయ్యెత్తేవాడు. 'అక్కకు ఈ బండంటే ఎంత ప్రాణమో,' అనుకునేవాడు. అనుకుంటూనే ఆ కటకటలకు పళ్ళు బిగించుకునేవాడు. అతని చెవికి అవి బేరింగులు చచ్చిపోతున్న చప్పుళ్ళు. అక్క బండిని తన చేత్తోనే వారం వారం చంపుతున్నట్టుండేది.

ఏడాది కావస్తుండగా ఒక నిర్ణయానికి వచ్చాడు. బావ బతికుండగా చెయ్యనివ్వని పని ఇప్పుడు చేసెయ్యాలి. అక్కకు చెప్పకుండా, ఊరికే తాళం తిప్పి చూపించాలి.

ఇంట్లో భార్యతో అన్నాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"వదిన అడిగిందా, చప్పుడు పోగొట్టమని?"

"అడిగేదేముందే? పాడవకుండా చూడమంది."

"చూడమంటే చూడండి. విప్పమన్నట్టు నాకు వినపడలేదు."

"నీకు ఇంజన్ల సంగతి తెలియదు."

"మీకు ఇంజన్ల సంగతి తప్ప ఏదీ తెలియదు," అంది ఆవిడ, అతని చొక్కా మడత మీద ఒక్క చరుపు చరిచి. అతను నవ్వి ఊరుకున్నాడు. ఉన్నమాటంటే ఉలుకు రావాలి. అతనికి అదీ రాలేదు.

పాత సామాన్ల కొట్టు నడిపే ముసలాయన్ని అందరూ తుప్పు తాత అంటారు. కొట్లో అడుగు పెట్టాలంటే పక్కకు తిరిగి నడవాలి. నేల నుంచి కప్పు దాకా డబ్బాలు, గొట్టాలు, పళ్ళ చక్రాలు. తమ్ముడు వెళ్ళి బండి సంగతి చెప్పగానే తాత నిచ్చెన ఎక్కి నాలుగైదు ఫిల్టర్లు దించి బల్ల మీద పరిచాడు. అన్నీ డబ్బాల్లాగే ఉన్నాయి. తెలియనివాడికి కవలపిల్లలే.

తమ్ముడు ఒకటి తీసి జేబులోంచి ఫిల్టరు బిగించే మర ముక్క తీసి తిప్పి చూశాడు. పట్టింది. డబ్బా పొడుగు జానతో కొలిచాడు. "ఇది పొడుగు తాతా. స్టీరింగు కడ్డీకి తగులుతుంది."

"ఇదిగో పొట్టిది."

"దీని రబ్బరు వాషరు సన్నం. అది ఆనవలసిన మా ఇంజను పెదవి వెడల్పు. నూనె కక్కుతుంది."

"ఇది?"

తమ్ముడు కన్ను మూసి రంధ్రాల్లోంచి లోపలికి చూశాడు. పుల్ల పెట్టి పొడిచాడు. "నాలుక లేదు."

"ఇది చూడు. నాలుక ఉంది."

"ఉంది గానీ అట్టలా బిగిసిపోయింది. ఎన్నేళ్ళుగా మగ్గుతోందో నీ అటక మీద."

తాతకు చిర్రెత్తింది. "వంక లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. ఫిల్టరు కొంటున్నావా, దాన్ని ఇంట్లో పెట్టుకుని పెంచుకుంటావా?"

"మా అక్క బండికి తాతా."

ఆ మాటతో తాత మెత్తబడ్డాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కి, పైన చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. మైనం కాగితం చుట్టిన పొట్లం ఒకటి కిందికి వచ్చింది. విప్పితే నల్లటి డబ్బా. మర పట్టింది. పొడుగు సరిపోయింది. వాషరు వెడల్పుగా ఉంది. పుల్లతో లోపలి నాలుకను నొక్కితే మెత్తగా వంగి, వదలగానే తిరిగి మూసుకుంది. నూనె దారి మూసుకుపోతే తెరుచుకోవలసిన స్ప్రింగు కూడా లోపల బిగువుగానే ఉంది. నోట్లో నీళ్ళు పోసుకుని ఊది మరీ చూశాడు. ఒక్క చుక్క వెనక్కి జారలేదు. తాత బోసినోటితో నవ్వాడు. "ఇది ఆ బండికే పుట్టింది. ఇన్నాళ్ళూ ఎవడూ అడగలేదు పాపం."

ఆ పొట్లం చంకలో పెట్టుకుని నడుస్తుంటే తమ్ముడికి భూమి మీద కాళ్ళు ఆనలేదు.

కడిగి తెస్తానని చెప్పి బండిని షెడ్డుకు తోలుకుపోయాడు. ఫిల్టరు ఒక్కటీ మారిస్తే సగం పనే అవుతుంది, ఇన్నేళ్ళు పొడిగా కొట్టుకున్న బేరింగులు అరిగే ఉంటాయి కదా అని, ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి దించాడు. అనుకున్నట్టే ఉన్నాయి. వెండిలా ఉండవలసిన బేరింగు చిప్పలు లోపలి రాగి తేలి, గాట్లు పడి, వేలు పెడితే గీరుకుంటున్నాయి. "ఎంత నరకం అనుభవించారే మీరు," అని వాటితో అన్నాడు. పాత ఫిల్టరుతో సహా తీసి పాత ఇనుము డ్రమ్ములో పడేశాడు. తుప్పు తాత దగ్గరే కొత్తవి కొనుక్కొచ్చి వేశాడు. పని జరుగుతున్న వారంలోనే ఇనుప బండివాడు వచ్చి డ్రమ్ము మొత్తం ఎత్తుకుపోయాడు. తమ్ముడు ఆ పూట అటు తిరిగి కూడా చూడలేదు. కొత్త చిప్పలకు నూనె రాసుకుంటున్నాడు.

శనివారం సాయంత్రం బండి తెచ్చి దాని చోట దాన్ని నిలబెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

వంటింట్లో అక్క అలికిడి వినిపిస్తోంది. గేటు చప్పుడు విన్నట్టుంది, గిన్నె మీద మూత పెట్టింది. తమ్ముడు బండిలో కూర్చుని ఊపిరి బిగబట్టి తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. మొదటి నుంచే మెత్తగా, పాలు పొంగకముందు గిన్నెలో వినిపించే సన్నటి చప్పుడులా. ఒక్క కటకట లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇంజను గొంతు అసలు ఎలా ఉండాలో అతను మొదటిసారి విన్నాడు. కళ్ళు చెమర్చాయి. అద్దంలోంచి కిటికీ వైపు చూశాడు.

అక్క రాలేదు.

కాసేపు చూశాడు. ఆగలేక, బండి నడుస్తుండగానే దిగి లోపలికి వెళ్ళాడు. అక్క పొయ్యి పక్కన, చేతులు తడిగానే పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది. పరుగుపందెంలో పిలుపు కోసం నిలబడ్డ పిల్లలా ఉంది.

"అక్కా, విన్నావా?"

"ఏం వినాలిరా? నువ్వింకా స్టార్టు చెయ్యలేదుగా."

"చేశానక్కా! నడుస్తోంది. అదే కదా సంగతి!"

అక్క అతని ముఖంలోకి చూసింది. పక్కనుంచి దాటుకుని బయటికి నడిచింది. బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. రేకు కింద ఇంజను సన్నగా వణుకుతోంది. చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"చప్పుడేదిరా?"

"ఉండదిక!" తమ్ముడి గొంతులో గర్వం దాచినా దాగలేదు. "సరైన ఫిల్టరు దొరికిందక్కా. ఊరంతా జల్లెడ పట్టి తెచ్చాను. నూనె ఇక కిందికి జారదు. బావ నన్ను ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు గానీ, చూడు, ఎంత హాయిగా ఉందో. ఆ పాడు మోత ఇక ఎప్పటికీ రాదు."

అక్క గడప మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళు తిరిగాయేమోనని తమ్ముడు నీళ్ళ కోసం వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పక్కన కూర్చోమంది.

"ఆదివారాలు నువ్వు అద్దంలోంచి చెయ్యెత్తేవాడివి గుర్తుందా?"

"ఔను."

"ఏమనుకుని ఎత్తేవాడివో గానీ, నేను నీకోసం వచ్చేదాన్ని కాదురా కిటికీ దగ్గరికి."

తమ్ముడికి మొదట అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. తొట్టె, నీళ్ళు, కుళాయి. పొయ్యి ముందు తను మొండిగా నిలబడటం. అన్నీ చెప్పింది. కూరగాయల ధరలు చెబుతున్నట్టు మామూలు గొంతుతోనే చెప్పింది.

"వారమంతా ఆ ఒక్క మాట నోట్లో పెట్టుకుని ఉంటాను. ఆదివారం ఆ మోతలో అనేస్తాను. ఆయనకు వినపడదని నాకు తెలుసు. బతికున్నప్పుడు మాత్రం వినపడేదా? అయినా అనేదాన్ని. ఊపుతాడు కదా తల."

లోపల ఎక్కడో పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"నాకు చెప్పొచ్చు కదక్కా."

"ఏమని చెప్పను? మీ బావ బండి అరుపు నాకు ఇష్టం, దాన్ని బాగుచెయ్యకురా అని చెప్పనా? నవ్విపోదువు."

"పాత రకం ఫిల్టరే పెట్టేస్తాను," అన్నాడు తమ్ముడు.

ఆవిడ ముఖంలో ఒక్కసారిగా ఆశ లేచింది. అంత వయసొచ్చిన ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. అది చూడలేక అతను బండి వైపు తిరిగాడు.

"పెట్టొచ్చా? ఇంజను పాడవుతుందన్నావుగా?"

"పాడవనీ."

ఆ మాట అతను బతుకులో మొదటిసారి అన్నాడు. బేరింగులు మార్చిన సంగతి మాత్రం నోట్లోంచి రాలేదు.

తుప్పు తాత అతన్ని చూసి చేతులు జోడించాడు. "మళ్ళీ ఏమైందిరా నాయనా? ఆ ఫిల్టరులోనూ వంక దొరికిందా?"

"వంకేమీ లేదు తాతా. బంగారంలా ఉంది. నాకు వేరేది కావాలి. నాలుక లేనిది."

తాత చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "ఏమన్నావూ?"

"నాలుక లేనిది. ముందు బండికి ఉన్నలాంటిదే. ఆ వ్యాను ఫిల్టరు. అచ్చం అదే కావాలి. నాలుక లేనిదల్లా పనికిరాదు."

"తప్పుల్లో కూడా మేలురకం తప్పు కావాలా నీకు?" తాత నవ్వబోయి, తమ్ముడి ముఖం చూసి ఆగాడు. ఇంకేమీ అడగకుండా నిచ్చెన ఎక్కాడు. దించిన వాటిని తమ్ముడు మొన్నటి కంటే జాగ్రత్తగా చూశాడు. మర తిప్పాడు, జానతో కొలిచాడు, పుల్ల పెట్టి పొడిచాడు, నోట్లో నీళ్ళు పోసుకుని ఊదాడు. నీళ్ళు ధారగా వెనక్కి జారిపోయే దాన్ని ఏరుకున్నాడు. అదెంత వేగంగా జారుతోందో చూసి ఇంకొకటి ఏరుకున్నాడు.

తాత అంతసేపూ చూస్తూ ఉండి చివరికి మెల్లగా అన్నాడు. "బేరింగులు కొత్తవి వేశావు కదరా. ఇవి పెట్టినా ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"తెలుసు తాతా."

"పాతవి?"

"ఇనుప బండి."

తాత పెదవి విరిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి ఏదో అనబోయాడు. రెండు ఫిల్టర్లూ పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఆదివారం వచ్చింది. వంటింట్లో అక్క పొద్దున్నుంచే సిద్ధంగా ఉంది. తమ్ముడు తాళం తిప్పాడు.

టిక్ టిక్ టిక్. మెటికలు విరిచినట్టు. అంతే. ఇంజను సర్దుకుంది.

అక్క కిటికీ దాకా సగం దూరం వచ్చి ఆగిపోయింది. చేతులు తుడుచుకుంటున్న కొంగు చేతుల్లోనే ఉంది.

"ఇంకోసారి తిప్పరా."

"తిప్పినా రాదక్కా. నూనె పైకెక్కేసింది. మళ్ళీ రాత్రంతా నిలబడాలి."

"పోనీలే. వచ్చే వారం వస్తుందేమో."

ఆ మధ్యలో అతను రెండో ఫిల్టరు పెట్టాడు. పల్చటి నూనె పోశాడు. ఏ మెకానిక్కు చూసినా చెంప పగలగొట్టే పనులన్నీ చేశాడు. షెడ్డులో వేరేవాళ్ళ బండ్ల కింద పడుకుని, మనసంతా ఆ ఇంజను మీద పెట్టి, ఎక్కడ ఏం వదులు చేస్తే ఆ గులకరాళ్ళు మళ్ళీ మోగుతాయా అని ఆలోచించాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉండిపోయేవాడు. భార్య ఎత్తిపొడవలేదు. కంచం చల్లారిపోతే తీసి వేడిచేసి తెచ్చి పెట్టేది. అదే అతనికి ఎత్తిపొడుపు కంటే ఎక్కువైంది.

మరుసటి ఆదివారం కూడా టిక్ టిక్ టిక్. ఇంకాస్త గట్టిగా. అక్క కిటికీ దగ్గరికి వచ్చింది. పెదాలు కదపబోయి, చటుక్కున మూసుకుంది.

"కాస్త దగ్గరికి వచ్చిందిరా," అంది బయటికి వచ్చి.

దగ్గరికి రాలేదు. అతని చెవికి తెలుసు. అది అరిగిన రాగి మీద ఉక్కు దొర్లిన చప్పుడు కాదు, కొత్త చిప్పలు చేసే కొత్త చప్పుడు. ఆ ఇంజనులోనే లేని దాన్ని అందులోంచి ఎవరూ పిలవలేరు. అక్క తనకోసం అబద్ధం ఆడుతోందని కూడా ఆ చెవికే తెలిసింది. ఇక దాచలేకపోయాడు.

"అక్కా, బేరింగులు కూడా మార్చాను."

"అంటే?"

"ఆ మోత ఫిల్టరు ఒక్కదానిది కాదు. ఇన్నేళ్ళూ అరిగి అరిగి బేరింగులకు ఆ గొంతు వచ్చింది. అవి తీసేసి కొత్తవి వేశాను. పాతవి ఇనుప బండివాడు పట్టుకుపోయాడు. ఈపాటికి కరిగించేసి ఉంటారు. అవి లేకుండా ఏ ఫిల్టరు పెట్టినా..."

అక్క బండి తలుపు దగ్గరికి వచ్చింది.

"తెలిసి కూడా ఈ వారాలు ఎందుకు తిప్పావురా మరి?"

"నువ్వు అక్కడ నిలబడి ఎదురుచూస్తున్నావని."

ఆవిడ వంగి అతని చొక్కాకు అంటిన నూనె మరక గోటితో గీకింది. పోయే మరక కాదది. అయినా గీకుతూనే ఉంది. "నేనేమో, నువ్వు ఇంత అవస్థ పడుతున్నావని ఎదురుచూశాను. బాగుంది మన సంబడం." నవ్వబోయింది. రాలేదు. "నువ్వేం చేస్తావులే. పాడవకుండా చూడమన్నాను, చూశావు. నోటితో ఒకటి చెప్పి మనసులో ఇంకొకటి పెట్టుకున్నది నేను. మీ బావ దగ్గరా అంతే, నీ దగ్గరా అంతే."

"అక్కా..."

"ఆ సరైనదే పెట్టెయ్యి. ఆయనా పోయాడు, ఆయన గొంతూ పోయింది. ఇక ఆ బండినొక్కదాన్ని ఎందుకు క్షోభ పెట్టడం." వెనుదిరిగి లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది.

తమ్ముడు బండి కింద గుడ్డ పరుచుకుని పడుకున్నాడు. తప్పుడు ఫిల్టరు విప్పాడు. నల్లగా నూనె చేతుల మీదుగా మోచేతుల దాకా కారింది. ఇంజను పెదవి శుభ్రంగా తుడిచి, పాత వాషరు అంటుకుని ఉండిపోలేదని వేలితో తడిమి చూసుకుని, డిక్కీలో మైనం కాగితం చుట్టి దాచిన నల్ల డబ్బా తీసి దాని వాషరుకు వేలితో నూనె రాశాడు. చేత్తోనే తిప్పాడు. రబ్బరు ఆనుకున్నాక ఇంకొంచెం బిగించాడు. కొత్త నూనె పోశాడు. ఆ ఇంజనుకు ఎంత సక్రమంగా చెయ్యాలో అంత సక్రమంగా చేశాడు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. చేతులకేం తెలుసు.

బండిలో కూర్చుని తాళం తిప్పాడు. పాల గిన్నె చప్పుడుతో ఇంజను అందుకుంది. మెత్తగా, నిదానంగా, ఎక్కడా ఏ వంకా లేకుండా నడుస్తోంది.

అంత మెత్తటి నడకలో ఏదో సన్నటి కీచు వినిపించింది. బెల్టనుకున్నాడు. తల వంచాడు. బెల్టు కాదు. నీళ్ళ పంపేమో అనుకున్నాడు. అదీ కాదు. అసలు ఇంజనులోంచే రావడం లేదు. వెనక నుంచి, వంటింటి కిటికీలోంచి వస్తోంది. ఆగి ఆగి, నోట్లో కొంగు కుక్కుకుని, మధ్యలో తెగిపోతూ వస్తోంది. పాత మోత ఉండి ఉంటే వినిపించేది కాదు.

దిగి లోపలికి పరుగెత్తాలని తలుపు మీద చెయ్యి వేశాడు. వెళితే కళ్ళు తుడుచుకుని లేస్తుంది. అన్నం తిన్నావా అని అడుగుతుంది. తను చూస్తుండగా ఆవిడ ఏడవదు. ఇంజను కట్టేసినా అంతే. ఆ నిశ్శబ్దంలో గొంతు బయటికి వస్తుందని భయపడి మింగేసుకుంటుంది.

తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. యాక్సిలరేటరు మీద కాలు పెట్టి మెల్లగా నొక్కాడు. ఇంజను గొంతు పెంచింది. ఇంకొంచెం నొక్కాడు. లోపలి ఏడుపు మొదట జంకింది. తర్వాత ఆ చప్పుడు చాటున కొంగు తీసేసింది. ఇంకా పెద్దగా, ఇంకా పెద్దగా లేచి, చివరికి నోరు తెరుచుకుని బావను పిలిచింది. పేరు పెట్టి పిలిచింది. ఆవిడ ఆయన్ని అలా పిలవడం తమ్ముడు ఎన్నడూ వినలేదు.

దారిన పోయేవాడొకడు ఆగి, నిలబడ్డ బండిని ఎందుకంత రేపుతున్నావన్నట్టు చెయ్యి తిప్పి అడిగాడు. తమ్ముడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ముందున్న గోడ వైపు చూస్తూ, అక్క ఏడ్చినంతసేపూ కాలు తియ్యకుండా కూర్చున్నాడు.